బాంటింగ్ గారి బరువు కథ

2018లో మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నం మానేసి కొవ్వు తినే డైట్ ఓ ఊపు ఊపింది, గుర్తుందా? అదేదో కొత్తగా కనిపెట్టారనుకున్నవాళ్ళు చాలామందే. కానీ పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గడం మీద 1863లోనే లండన్‌లో ఓ చిన్న పుస్తకం వచ్చేసింది!

రాసింది డాక్టరు కాదండోయ్. రాజకుటుంబాల అంత్యక్రియలు జరిపించే వ్యాపారి, విలియం బాంటింగ్. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌండ్లు (దాదాపు 92 కిలోలు). వంగి బూట్ల లేసు కట్టుకోలేడు, మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. పడవ నడిపితే ఆకలి పెరిగి ఇంకా లావయ్యాడు. చివరికి చెవి సరిగ్గా వినబడట్లేదని విలియం హార్వీ అనే చెవి డాక్టరు దగ్గరికెళితే, చెవి కన్నా ముందు ఒళ్ళు తగ్గించమన్నాడాయన.

హార్వీ అంతకుముందు పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నాడు. కాలేయానికీ చక్కెరకీ ఉన్న సంబంధం గురించి ఆయన చెప్పింది పట్టుకుని రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళదుంపలు మానిపించాడు. మాంసం, చేపలు, కూరగాయలు తినమన్నాడు. వైన్ మాత్రం ఉంది (ఈ ఒక్క ముక్క పట్టుకుని శుక్రవారం పార్టీకి బయల్దేరకండి).

1862 ఆగస్టులో మొదలెట్టి 1863 సెప్టెంబరుకి 46 పౌండ్లు తగ్గాడు. తేదీల వారీగా బరువు రాసి పట్టిక కూడా వేశాడు. పుస్తకం ఎంత పాకిందంటే, స్వీడిష్ భాషలో డైటింగ్ చేయడాన్ని ఇప్పటికీ 'బాంటా' అనే అంటారు.

మనవాళ్ళు చూడాల్సింది ఆ పట్టికనే. ఏడాది పైన 46 పౌండ్లంటే వారానికి ఒక పౌండు కూడా లేదు, 400 గ్రాముల లోపే! ఇప్పటి డాక్టర్లు చెప్పే వారానికి అర నుంచి 1 కిలో కన్నా కూడా నెమ్మదే. పెళ్ళికి పది రోజుల ముందు పది కిలోలు తగ్గాలనుకునే మనకి ఇది రుచించదు.

ఇంతకీ తగ్గించింది ఏ పదార్థం? ఆహారంలోని కేలరీలని విల్బర్ ఆట్వాటర్ లెక్కగట్టింది 1890లలో. కాబట్టి రొట్టె, వెన్న, బీరు పోవడంతో మొత్తం తిండి ఎంత తగ్గిందో హార్వీకి తెలిసే వీల్లేదు. మన దగ్గర ఆ డైట్ ఊపేసిన 2018లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మంది మీద ఏడాది పాటు పోల్చి చూసిన ఫలితాలు బయటపెట్టారు. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు గుంపులకీ చెప్పింది ఒకటే: చక్కెర, మైదా తగ్గించండి, కూరగాయలు బాగా తినండి.

అంచేత అన్నాన్ని పూర్తిగా వెలివేయక్కర్లేదు. రెండోసారి వడ్డించుకునేది మానేసి, ఆ చోట ఇంకాస్త పప్పూ, కూరా వేసుకోండి. ఆఫీసు టీలో చక్కెర తగ్గించండి. వారానికోసారి బరువు రాసుకోండి. ఏడాది పాటు చేయగలిగిందే పెట్టుకోండి. షుగరుకి మాత్రలో, ఇన్సులినో వాడే అమ్మానాన్నల చేత మాత్రం డాక్టర్ని అడక్కుండా హఠాత్తుగా అన్నం మానిపించకండి. షుగరు పడిపోతే ప్రాణం మీదకొస్తుంది.

బాంటింగ్ గారు 1878 దాకా, 81 ఏళ్ళు బతికారు. నిదానంగా తగ్గినందుకు ఆయనకొచ్చిన నష్టమేమీ లేదు మరి!