పెట్రోలు చుక్క, తొలి విమాన ఇంజన్: స్వయంనిర్మిత విమానాల చరిత్రలో ఒక పాఠం

1. ఉపోద్ఘాతం

విద్యార్థులారా! 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ వద్ద రైట్ సోదరులు ఇంజన్‌తో నడిచే విమానాన్ని ఎగరవేశారని మీరు పాఠశాల తరగతుల్లోనే చదివారు. ఆ రోజు తొలి ప్రయాణం 12 సెకన్లు సాగింది. నాలుగోది, చివరిది 59 సెకన్లు. అదే ఏడాది ఫిబ్రవరి 13న జరిగిన సంఘటన మాత్రం చాలా పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఆ రోజు పరీక్షలో ఉన్న వారి ఇంజన్ పగిలిపోయింది. కారణం, కారిన పెట్రోలు.

సొంతంగా విమానం కట్టుకునేవారికి ఇంధనం కారడం నేటికీ పెద్ద సమస్యే. ఈ పాఠంలో ఆ సమస్య ఎక్కడ మొదలైంది, దాన్ని కనిపెట్టే పద్ధతులు ఎలా మారాయి, ఈ చరిత్రలో మెకానిక్‌కు దక్కవలసిన స్థానం ఏమిటి అనే మూడు విషయాలు పరిశీలిద్దాం.

2. సైకిల్ షాపులో తయారైన ఇంజన్

1902 చివర్లో రైట్ సోదరులు పలు మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. వారికి కావలసింది తక్కువ బరువుతో కనీసం 8 అశ్వశక్తి ఇచ్చే ఇంజన్. తగినది దొరకకపోవడంతో డేటన్ నగరంలోని తమ సైకిల్ షాపులోనే తయారుచేసుకోవాలని నిర్ణయించారు. ఆ పని చేసినవాడు ఛార్లీ టేలర్. 1901లో సైకిళ్ల మరమ్మతు కోసం చేరిన మెకానిక్ ఆయన. లేతు, డ్రిల్లింగ్ యంత్రం, కొన్ని చేతి పనిముట్లతో సుమారు ఆరు వారాల్లో ఇంజన్ సిద్ధం చేశారు. పూర్తి స్థాయి డ్రాయింగులు లేవు. కాగితం ముక్క మీద గీసుకున్న బొమ్మను ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క భాగం చేశామని టేలర్ 1948లో కోలియర్స్ పత్రికలో గుర్తుచేసుకున్నారు.

ఈ ఇంజన్‌కు నేడు మనం చూసే కార్బురేటర్ లేదు, పెట్రోలు పంపు లేదు. ఎత్తులో బిగించిన చిన్న ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుతోనే గొట్టం గుండా దిగేది. సన్నని ధారగా లోతు లేని గదిలో పడి, ఇంజన్ వేడికి ఆవిరై, గాలితో కలిసి సిలిండర్లలోకి వెళ్లేది. ఒక విషయం గమనించండి. పడవలసిన చోట పడిన చుక్క ఇంజన్‌ను నడిపింది. పడకూడని చోట పడిన చుక్క దాన్ని విరగ్గొట్టింది.

3. ఫిబ్రవరి 13న జరిగిన నష్టం

ఫిబ్రవరి 12న ఇంజన్‌ను మొదటిసారి నడిపారు. మరునాడు పరీక్ష సాగుతుండగా పెట్రోలు బేరింగుల మీదికి కారింది. బేరింగులు పట్టేశాయి. ఇంజన్ శరీరం, దాన్ని నిలిపిన చట్రం పగిలిపోయాయి. రైట్ సోదరుల తండ్రి మిల్టన్ రైట్ డైరీలో కూడా మోటారు విరిగిన సంగతి నమోదైంది.

అల్యూమినియం పోత మళ్లీ పోయించవలసి వచ్చింది. కొత్త పోత ఏప్రిల్ 20న అందింది. తిరిగి కూర్చిన ఇంజన్‌ను మే నెలలో పరీక్షించారు. అంటే ఆ పెట్రోలు ఖరీదు ఇంచుమించు మూడు నెలల కాలం.

4. ఆధారాన్ని చదివే పద్ధతి

ఈ సంఘటనను చెప్పే ఆంగ్ల రచనల్లో బేరింగులు 'ఫ్రీజ్' అయ్యాయని ఉంటుంది. ఫిబ్రవరి నెల, చలి దేశం కాబట్టి బేరింగులు గడ్డకట్టాయని మీరు పొరబడవచ్చు. యంత్రాల భాషలో ఆ మాటకు 'పట్టేయడం' అని అర్థం. మన ఊళ్లో మెకానిక్ "ఇంజన్ సీజ్ అయింది" అనేది దీన్నే. బేరింగులో నూనె సన్నని పొరగా ఉండి లోహాన్ని లోహానికి తగలకుండా కాపాడుతుంది. పెట్రోలు ఆ పొరను కడిగేస్తుంది. రాపిడికి వేడి పుట్టి, తిరిగే భాగం బిగుసుకుపోతుంది. ఒక పాత ఆధారంలోని మాటను సరిగా అర్థం చేసుకోవాలంటే ఆ వృత్తిలోని పని తెలిసి ఉండాలి. చరిత్ర విద్యార్థిగా మీరు గుర్తుంచుకోవలసిన సూత్రమిది.

5. తరువాతి కాలంలో మార్పులు

1929లో మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజన్‌తో ఎయిర్ క్యాంపర్ అనే చిన్న విమానాన్ని ఎగరవేశాడు. దాని ప్లాన్లు 1932లో అచ్చయ్యాయి. సామాన్యులు కొట్టాల్లో, గ్యారేజీల్లో విమానాలు కట్టడం మొదలుపెట్టిన కాలమది. ఇలాంటి చిన్న విమానాల్లో చాలావాటికి పెట్రోలు పైనుంచి కిందికి దిగే పద్ధతే ఉండేది. ఈ పద్ధతిలో ఇంజన్ ఆగినా కారడం ఆగదు. అందుకే ట్యాంకు దగ్గర మూసే కవాటం తప్పనిసరి.

పంపులు వచ్చాక సమస్య రూపం మారింది. పంపుకు ముందున్న గొట్టంలో పెట్రోలు పీల్చబడుతుంది. అక్కడ సందు ఉంటే పెట్రోలు బయటికి రాకపోవచ్చు, గాలి లోపలికి వెళుతుంది. పైకి తడి కనిపించదు, ఇంజన్ మాత్రం తడబడుతుంది. పంపు తరువాతి భాగంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడి సందు నుంచి పెట్రోలు చిమ్మి వేడి పొగగొట్టం మీద పడితే మంటలు రేగుతాయి. అందువల్ల రెండు వైపులనూ వేరువేరుగా పరీక్షించాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా సైన్యం, నౌకాదళం ఉమ్మడి ప్రమాణాలతో గొట్టాల అతుకులు తయారుచేయించాయి. వాటిలో గొట్టం అంచును 37 డిగ్రీల కోణంలో విప్పారుస్తారు. కార్ల అతుకుల్లో సాధారణంగా 45 డిగ్రీలు ఉంటుంది. కొన్ని సైజుల్లో రెండింటి మరలూ ఒకటే కావడంతో కారు సామాను దుకాణంలో కొన్నది విమానం గొట్టానికి చక్కగా ఎక్కుతుంది. లోపల అంచులు మాత్రం కలవవు. ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. ఇక్కడ మందు బిగించడం కాదు, సరైన భాగం వేయడం.

కారే చోటును కనిపెట్టడానికి రంగు సహాయపడుతుంది. విమాన పెట్రోలు రకాలను గుర్తించడానికి రంగు కలుపుతారు. నేడు ఎక్కువగా వాడే రకం నీలం. పెట్రోలు ఆరిపోయినా నీలి మరక మిగులుతుంది. మరక పై అంచు ఎక్కడుందో చూస్తే కారే చోటు సమీపంలోనే దొరుకుతుంది. ఖాళీ ట్యాంకులోకి స్వల్ప ఒత్తిడితో గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి. సైకిల్ ట్యూబు పంక్చరు చూసే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

1953లో మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ నాయకత్వంలో స్వయంనిర్మిత విమానాల సంఘం ఏర్పడింది. అనుభవం ఉన్న సభ్యులు ఇతరుల నిర్మాణాన్ని చూసి సలహా ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. కట్టినవాడి కంటికి ఆనని తప్పు రెండో వ్యక్తికి కనిపిస్తుందన్నది దీని వెనుక ఉన్న అవగాహన.

6. మెకానిక్ స్థానం

రైట్ సోదరుల పేర్లు ప్రపంచమంతా తెలుసు. ఛార్లీ టేలర్ చివరి రోజులు లాస్ ఏంజిల్స్‌లో పేదరికంలో గడిచాయి. 1955లో ఆయన ధర్మాసుపత్రి వార్డులో ఉన్నట్టు బయటపడిన తరువాతే విమాన రంగంవారు సాయానికి ముందుకు వచ్చారు. 1956 జనవరిలో ఆయన మరణించారు. ఇప్పుడు అమెరికా విమానయాన శాఖ దీర్ఘకాలం పనిచేసిన మెకానిక్‌లకు ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది. గౌరవం అందింది, ఆయన చూడలేదు.

7. సారాంశం

డిసెంబరు 17 విజయం వెనుక ఫిబ్రవరి 13 వైఫల్యం ఉంది. విరిగిన ఇంజన్‌ను మళ్లీ పోయించి, కూర్చి, పరీక్షించకపోతే ఆ ఏడాది విమానం లేచేది కాదు. మరకను చూసి చోటు కనిపెట్టడం, సరైన భాగం వేయడం, మరొకరికి చూపించి సరిచూసుకోవడం వంటి పనులకు శిలాఫలకాలు ఉండవు. అయినా విమానంలో కూర్చున్నవారి ప్రాణాలు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1903 ఫిబ్రవరి 13న ఇంజన్ ఎలా పగిలింది? మీ మాటల్లో ఐదు వాక్యాలకు మించకుండా రాయండి.
2. పంపుకు ముందు, తరువాత ఏర్పడే సందుల మధ్య తేడా ఏమిటి?
3. మీ ఊళ్లోని ఒక మెకానిక్‌ను కలిసి, ఆయన పని నేర్చుకున్న తీరును అడిగి, ఒక పేజీలో నమోదు చేయండి.