టురినునగరమునందలి శతాబ్దోత్సవమందిరములు

శబ్దములు రూఢములనియు, యౌగికములనియు, యోగరూఢములనియు త్రివిధములుగ శాస్త్రకారులచే విభజింపబడినవి. అవయవార్థముతో పనిలేక వ్యవహారబలమున నిలుచునది రూఢము. అవయవార్థమును నిలుపుకొనునది యౌగికము. స్మారకభవనముల నామములయందును ఈ భేదమును పరిశీలించుట చరిత్రకారున కుపయుక్తము. ఇటలీదేశమున టురినునగరమందు 1961వ సంవత్సరమున వెలసిన శతాబ్దోత్సవమందిరముల వృత్తాంత మిందులకు చక్కని నిదర్శనము.

ఇటలీరాజ్యము 1861లో ప్రకటింపబడెను. అది మొదలు 1865 వఱకు టురినే రాజధాని. ఆ పదవి తొలగిన పిమ్మట నానగరమునకు పరిశ్రమలే ప్రతిష్ఠ నొసగినవి. 1899లో ఫియట్ మోటారుసంస్థ యచట స్థాపిత మయ్యెను. 1920 సెప్టెంబరులో కార్మికులు కర్మాగారములనే యాక్రమించుకొనిరి. రాజ్యప్రకటనమునకు నూఱేండ్లు నిండిన 1961లో "ఇటాలియా 61" అను మహాప్రదర్శనము పో అను నదియొడ్డున జరిగినపుడు, దేశైక్యముతోపాటు శ్రమయు కీర్తనీయవిషయ మగుట ఆ పురమున కుచితమే.

ఆ యుత్సవమునకై నిర్మితమైనవానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది "పలాజ్జో దెల్ లవోరో", అనగా శ్రమసౌధము. దాని స్థపతి పియర్ లూయీజీ నెర్వి. అది భుజ మొక్కొక్కటి సుమారు 160 మీటరులుగల చతురస్రము. లోపల 16 కాంక్రీటుస్తంభములు కలవు. ప్రతిస్తంభము మొదట సిలువయాకృతితో నారంభమై, పైకి పోనుపోను వర్తులమగును. దాని శిరమునుండి ఉక్కుదూలములు గొడుగుకఱ్ఱలవలె నలుదెసల వ్యాపించి, సుమారు 40 మీటరుల భుజముగల కప్పును మోయును. గొడుగునకును గొడుగునకును నడుమ వెలుతురుకొఱకు గాజుపట్టీ లమర్పబడినవి. ఏ స్తంభమున కాస్తంభము స్వతంత్రమగుటచే, ఒకదాని పని ముగియకముందే వేఱొకదాని పని సాగించుట సాధ్యమయ్యెను. గడువు స్వల్పమైనను కట్టడము పూర్తియగుట కిదియే కారణము. ఉత్సవానంతరము దానిని వృత్తివిద్యాలయముగ మార్పవలయునని నిర్మాణకాలముననే సంకల్పము కలదు.

ఆ చెంతనే నదివెంబడి ఇటలీలోని ప్రాంతములకు వేఱువేఱు మండపములు కట్టబడినవి. ఇవి శిల్పగౌరవమున సౌధముతో తులతూగునవి కావు. వీని పేరులయందు శ్రమశబ్దమును లేదు. అయినను, అంతర్జాతీయ శ్రామికసంస్థకును ఇటలీప్రభుత్వమునకును 1964లో పొత్తుకుదిరి స్థాపితమైన శిక్షణకేంద్రము, 1965లో ఈ మండపములయందే పని ప్రారంభించెను. తొలుత వర్ధమానదేశములవారికి సాంకేతిక వృత్తివిద్యల గఱపుట దాని ముఖ్యోద్దేశము. క్రమముగ కర్మాగారనిర్వహణము, కార్మికసంఘవ్యవహారము, యజమానికార్మికసంబంధము, సామాజికరక్షణము మొదలగు విషయములును పాఠ్యములైనవి.

అంతర్జాతీయ శ్రామికసంస్థ 1919లో వెర్సైల్సు సంధిమూలమున నేర్పడినది. దాని మహాసభకు ప్రతిరాజ్యమునుండియు ప్రభుత్వపక్షమున నిద్దఱును, యజమానిపక్షమున నొకరును, కార్మికపక్షమున నొకరును వెళ్లుదురు. 1927లో జెనీవామహాసభకు భారతకార్మికుల ప్రతినిధిగ నేగినవారు తెలుగువారగు వరాహగిరి వేంకటగిరిగారు. 1952 మొదలు 1954 వఱకు కేంద్రకార్మికమంత్రిగ నున్న కాలమునను, నిర్బంధమైన న్యాయనిర్ణయముకంటె ఉభయపక్షముల సంప్రదింపే మేలని వారు వాదించిరి. సంప్రదింపు ఫలించుటకు ఇరువాగులవారికిని తత్సంబంధమైన విద్య యావశ్యకము. మహాసభలోని త్రిపక్షవిధానమును తరగతిలోనికి తెచ్చుటయే టురినుకేంద్రము చేసిన పని.

ఇట్టి విద్యవలన ప్రయోజనమేమని యాక్షేపము పుట్టవచ్చును. ఉత్సవము ముగిసిన మఱుసటియేడే, 1962 జూలైలో, ఒక సంఘము ఫియట్ యాజమాన్యముతో వేఱుగ నొప్పందము చేసికొన్నదను కోపమున టురినులోని స్తతూతో కూడలియందు మూడుదినములు ఘర్షణలు జరిగెను. కేంద్రము నెలకొన్న పిమ్మటను, 1969 శరత్కాలమున సమ్మెలు దేశమంతటను చెలరేగెను. కాని యది తగవులు తీర్చు ధర్మాసనము కాదు, పాఠశాల. వ్యాకరణము వివాదమును మాన్పజాలదు. వాదిప్రతివాదులు ఒకే మాటను ఒకే యర్థమున గ్రహించుట కుపకరించును. శ్రామికవిద్యయు నట్టిదే.

శ్రమసౌధము కొంతకాలము బోధనకును కార్యాలయములకును ఉపయోగపడి, పిదప చిరకాలము రిక్తముగ పడియుండి, 2015 ఆగస్టులో అగ్నిప్రమాదమునకు గుఱియయ్యెను. అంత గొప్పకట్టడమున శ్రమశబ్దము రూఢిమాత్రముగ మిగిలినది. పేరున శ్రమశబ్దములేని ప్రాంతమండపములు మాత్రము అర్థముచేత శ్రమమందిరములైనవి. భారతదేశమున దీనికి విపర్యయక్రమ మొకటి కానవచ్చును. 1974లో స్థాపితమైన జాతీయశ్రామికసంస్థకు 1995లో గిరిగారి పేరు పెట్టబడెను. టురినులో స్మృతి ముందు, విద్య పిమ్మట. ఇచట విద్య ముందు, స్మృతి పిమ్మట. క్రమము వేఱైనను, రెండుచోట్లను స్మృతిని నిలిపినది నిత్యవినియోగమే. స్మారకములను కట్టింపదలచువారు శిలాఫలకముపై పేరు చెక్కించుటకు ముందు, ఉత్సవము ముగిసిన మఱునాడు ఆ తలుపులు ఎవరికొఱకు తెఱువబడునో నిశ్చయించుకొనుట యావశ్యకము.