వాకిటి దీపము: హనుక్కా పుట్టుపూర్వోత్తరములు

అవిసెనార మోపులతో ఒక ఒంటె వీధిని పోవుచుండగా, ఆ నార అంగడిలోనికి ఒరిగి, లోపలి దీపమునకు తగిలి నిప్పంటుకొని, కట్టడమంతయు తగులబడినచో నష్టము నెవ్వరు భరింపవలెను? క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన యూదుల ధర్మసంహిత 'మిష్నా' ఈ తగవును తీర్చుచు, దీపము లోపలనున్నచో ఒంటె యజమానిదియు, వర్తకుడు దానిని వెలుపల పెట్టియున్నచో వర్తకునిదియు బాధ్యత యని నిర్ణయించినది. అంతలో రబ్బీ యెహూదా అను గురువు, అది హనుక్కా దీపమైనచో వర్తకునికి దోషము లేదనెను. ఆ పండుగకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమైనను కేటాయింపని ఆ సంహితలో, అగ్నిప్రమాదపు వ్యాజ్యములో దొరలిన ఈ మాటవలన, నాటివారు దీపమును వీధివాకిటనే, దారిన పోవు ఒంటె ఒరసికొనునంత చేరువలోనే పెట్టెడివారని తెలియుచున్నది. హనుక్కా చరిత్ర యనగా, నా దృష్టిలో, ఆ దీపపు తావు మారుచు వచ్చిన చరిత్రయే.

పండుగ పుట్టినది మాత్రము రణరంగమున. సిరియా నేలిన గ్రీకు రాజు నాలుగవ అంతియొకస్, యూదుల ధర్మాచారములను నిషేధించి, క్రీ.పూ. 167 లో యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేయగా, మోదీన్ గ్రామపు యాజకుడు మత్తతియయు అతని కొడుకులును తిరుగబడిరి. ఆ కొడుకులలో యూదా మక్కబీ అనువాడు క్రీ.పూ. 164 లో ఆలయమును తిరిగి సాధించి, శుద్ధిచేసి, కిస్లేవు మాసము 25 వ దినమున కొత్త బలిపీఠమును ప్రతిష్ఠించెను. ఎనిమిది దినముల ఉత్సవమునకు మక్కబీయుల రెండవ గ్రంథము చెప్పు కారణము సరళమైనది: కొండగుహలలో దాగియుండుటచే సకాలమున జరుపుకొనలేని పర్ణశాలల పండుగను గుర్తుచేసికొనుచు, దాని రీతినే వారు దీనిని జరుపుకొనిరి. ఒక్కనాటికి చాలు నూనె ఎనిమిది దినములు వెలిగెనను కథ ఆ గ్రంథమున లేదు. అది శతాబ్దముల తరువాత, మిష్నాకు వ్యాఖ్యానముగా వెలసిన తల్మూదులో కనబడుచున్నది. మక్కబీయుల వంశీయులు సింహాసనమును ప్రధాన యాజకత్వమును ఒకే చేతిలో ఇముడ్చుకొనుటయు, క్రీ.శ. 70 లో రోమనులు ఆలయమును దగ్ధము చేయుటయు, 132 లో లేచిన తిరుగుబాటు మూడేండ్లలో ఘోరవినాశముగా ముగియుటయు చూచిన జాతికి, ఖడ్గవిజయముకంటె కుండెడు నూనెయే స్మరణీయమని గురువులు తలచియుందురని నేను నమ్ముచున్నాను. అది పిరికితనము కాదు, అనుభవము నేర్పిన వివేకము.

ఆ వివేకము వారి విధులలో అడుగడుగునను గోచరించును. తొలినాడు ఎనిమిది వెలిగించి దినమున కొకటి తగ్గింపవలెనని షమ్మాయి అను గురువు శిష్యులు, పర్ణశాలల పండుగలో దినదినము తగ్గుచు వచ్చు కోడెల సంఖ్యను చూపి, వాదింపగా, పవిత్రకార్యము పెరుగవలెనేగాని తరుగరాదని హిల్లేలు అను గురువు శిష్యులు ఒకటితో మొదలిడి ఎనిమిదికి చేర్చిరి. నేటికిని నిలిచినది ఈ రెండవ పద్ధతియే. ఆ వెలుగును ఏ పనికిని వాడుకొనరాదు గనుక ప్రక్కన సేవకదీపము మరియొకటి వచ్చినది. తలుపునకు కుడివైపున ద్వారబంధమునకు బిగించు లేఖనపు చుట్ట, మెజూజా, యుండగా ఎడమవైపున దీపముంచవలెను. మేడపై వసించువాడు వీధివైపు కిటికీలో ఉంచవలెను. సూర్యాస్తమయము మొదలు, అంగడివీధిలో పుల్లలమ్ము తద్మోరు వర్తకులు ఇండ్లకు మరలువరకు అది వెలుగవలెను. ఇంటివారి భక్తి ఇంటిలోనే ముగియక, పరుల కంటబడవలెనను ఈ పట్టుదల నాకెంతయు ప్రియమైనది. ఐనను గురువులు ఒక్క మినహాయింపు నిచ్చిరి: ఆపదవేళ లోపల బల్లపై నుంచినను చాలును.

మధ్యయుగపు ఐరోపాలో ఆపద రాని యేడు అరుదు గనుక, మినహాయింపే ఆచారమై దీపము లోనికి పోయినది. దాని రూపమును మారి, ఎనిమిది ప్రమిదలు వరుసగా అమరిన లోహపు దీపము, వెనుక నగిషీ రేకుతో, లోగోడకు వ్రేలాడసాగినది. ఇక మన కొంకణ తీరమున గానుగలాడించి బ్రతుకుచు, శనివారము గానుగ నిలుపుటచే 'శనివార్ తేలీ' లనబడిన బెనె ఇశ్రాయేలు యూదులు ఈ పండుగనే ఎరుగకుండిరి. ఇది పుట్టకమునుపే తమ పూర్వుల నావ ఈ తీరమున పగిలినదని వారి ఐతిహ్యము. నూనెయే జీవనాధారమైన ఆ కుటుంబములకు ఈ దీపము, తరువాతి కాలమున, ఇతర యూదుల సంపర్కముచే సంక్రమించినది.

1931 లో జర్మనీలోని కీల్ నగరమున రబ్బీ అకీవా పోస్నర్ ఇంట ఆ దీపస్తంభము మరల కిటికీకి వచ్చినది. ఎదుటి భవనముపై నాజీ పతాకము వ్రేలాడుచుండగా, ఆయన భార్య రాహేలు కిటికీగట్టుపై దీపస్తంభమును, దాని వెనుక పతాకమును కలిపి ఛాయాచిత్రము తీసి, ఆ పతాకమునకు ఈ దీపము చెప్పు సమాధానమును చిత్రము వెనుక జర్మనులో వ్రాసియుంచినది. ఆపదవేళకు శాస్త్రమిచ్చిన సెలవును ఆ ఇల్లాలు వాడుకొనలేదు. 1933 లో ఆ కుటుంబము దేశము విడిచినది. దీపస్తంభమును వారి వెంట పోయి, 2022 డిసెంబరులో మనుమల చేతులలో జర్మనీకి తిరిగి వచ్చి, బెర్లినులో దేశాధ్యక్షుని నివాసమున వెలిగింపబడినది.

అమెరికాలో అది కిటికీని దాటి కూడలికి చేరినది. 1974 లో ఫిలడెల్ఫియా నగరపు స్వాతంత్ర్యఘంట చెంత రబ్బీ ఏబ్రహాం షెమ్టోవ్ చిన్న దీపస్తంభమును నిలిపెను. 1979 లో శ్వేతసౌధము ఎదుటి దీపారాధనకు అధ్యక్షుడు కార్టరు స్వయముగా వచ్చెను. ప్రభుత్వభూమిపై మతచిహ్నము తగదని యూదులలోనే పలువురు అభ్యంతరపెట్టగా, వివాదము అత్యున్నత న్యాయస్థానమున కెక్కి, 1989 లో పిట్స్‌బర్గు దీపస్తంభమునకు అనుమతి లభించినది. తీర్పు ఎట్లున్నను, అభ్యంతరములో సత్యమున్నదని నా యభిప్రాయము. ఏలయనగా తల్మూదు విధించినది ఇంటికొక దీపమునేగాని ఊరికొక స్తంభమును కాదు. కట్టుబట్ట నమ్మియైనను, భిక్షమెత్తియైనను ఈ దీపము వెలిగింపవలెనని పన్నెండవ శతాబ్దమున శాసించిన యూద ధర్మవేత్త మైమొనిడీస్ సైతము, ఆ శాసనమున్న ప్రకరణపు చివర, ఒక్క దీపమునకే నూనె కొనగల పేదకు విశ్రాంతిదినపు రాత్రి ఇంటిలోపలి దీపమే మొదటిదనియు, చీకటి వలన ఆ ఇంటి నెమ్మది చెడరాదనియు విధించెను.