చలి తగవు ఎక్కడ పుట్టింది?

వేడిని ఒకే తీరున నిలిపే థర్మోస్టాట్‌ మొదట పుట్టింది కోడిపిల్లల కోసం. నాలుగు వందల ఏళ్ళ కిందట నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్‌ ఊరివాడు కార్నెలిస్‌ డ్రెబెల్‌ ఇంగ్లండుకు వలసవెళ్ళి మొదటి జేమ్స్‌ రాజు ఆదరణలో బతికాడు. థేమ్స్‌ నదిలో నీటి అడుగున నడిచే పడవను చేసినవాడిగా ఆయనకు పేరు. తల్లికోడి లేకుండా గుడ్లు పొదిగించే పొయ్యి కూడా చేశాడు. వేడి ఎక్కువైతే గుడ్డు ఉడికిపోతుంది, తక్కువైతే మురిగిపోతుంది. అందుకని పొయ్యిలో ఆల్కహాలూ పాదరసమూ పోసిన గాజు గొట్టం అమర్చాడు. వేడెక్కితే ఆల్కహాలు ఉబ్బి పాదరసాన్ని పైకి తోస్తుంది. పాదరసం మీద తేలే కడ్డీ లేచి, పొయ్యిలోకి గాలి వెళ్ళే దారి మూస్తుంది. మంట తగ్గుతుంది. చల్లబడగానే ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి పడకుండా తన వేడిని తానే సరిచూసుకునే యంత్రాల్లో తొలితరానిది అది.

18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో బొన్నెమాన్‌ అనే ఆయన వేడినీటి గొట్టాలతో ఇలాంటి ఏర్పాటే చేశాడు. అదీ గుడ్లు పొదిగించడానికే. 1830లో స్కాట్లండు రసాయనవేత్త ఆండ్రూ యూర్‌ రెండు లోహపు పట్టీలను అతికించి, వేడికి ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా సాగడం వల్ల ఆ పట్టీ వంగే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపుతోనే గాలిదారి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. గుడ్లకూ కార్ఖానాలకూ ఇది చక్కగా సరిపోయింది. ఎందుకంటే ఒక గంపలోని గుడ్లన్నిటికీ ఒకే వేడి కావాలి. ఒక ఇంట్లోని మనుషులకు అలా కాదు. ఇంట్లో వేడి ఎంత పెట్టాలన్నదాని మీద ఇవాళ చలిదేశాల్లో ఇంటింటా సాగుతున్న తగవంతా ఈ తేడాలోంచే వచ్చిందని నేను నమ్ముతున్నాను.

మంట ఒకచోట ఉన్నంతకాలం ఎవరి వెచ్చదనం వాళ్ళ చేతుల్లో ఉండేది. చలి వేసినవాళ్ళు దగ్గరికి జరిగేవాళ్ళు, ఉక్కపోసినవాళ్ళు దూరం జరిగేవాళ్ళు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వెచ్చని చోటు ఎవరిదో ముందే తేలి ఉండేది. కొరియాలో వంటింటి పొయ్యి వేడిని గది నేల కిందుగా పంపే ఒండోల్‌ పద్ధతి శతాబ్దాలుగా ఉంది. పొయ్యికి దగ్గరగా ఉన్న నేల బాగా వెచ్చగా, అవతలి కొస చల్లగా ఉంటుంది. వెచ్చని వైపు ముసలివాళ్ళకూ అతిథులకూ ఇవ్వడం అక్కడి మర్యాద. రష్యా పల్లెల్లో గదంత ఇటుక పొయ్యి మీద తాతా అవ్వా పడుకునేవాళ్ళు. కశ్మీరులో నిప్పులు పోసిన కాంగ్డీ కుంపటిని ఎవరికి వాళ్ళు ఫెరన్‌ అనే వదులు అంగీ లోపల పెట్టుకుంటారు. జపానులో అడుగున వేడి ఉండే కొటాత్సు బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ ఒకే బొంత కింద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. గది మాత్రం చల్లగానే ఉంటుంది.

మన దగ్గర చలి నాలుగు వారాల ముచ్చటే అయినా పద్ధతి ఇదే. ఆదిలాబాద్‌ వైపు గానీ, లంబసింగి, పాడేరు వైపు గానీ తెల్లవారుజామున నెగడు చుట్టూ చేరేవాళ్ళను చూడండి. పొగ రాని పక్క పెద్దవాళ్ళకు వదులుతారు. బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళు. నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడి మొదట ఇంటి పెద్దాయన భుజం మీదికే చేరేది. ఎవరికి ముందు వెచ్చదనం కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. వాదన ఉండేది కాదు.

అలాగని పాతకాలం అంతా సామరస్యమే అనలేను. ఇంగ్లండులో 16వ శతాబ్దంలో ఇళ్ళకు పొగగొట్టాలు రావడం మొదలైనప్పుడు పెద్దవాళ్ళు సణిగారు. ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్‌ ఊరి మతగురువు విలియం హారిసన్‌ 1577లో ఆ సంగతి రాసిపెట్టాడు. ఇంటి మధ్య మంట వేసుకుని పొగలో బతికిన రోజుల్లోనే దూలాలు గట్టిగా ఉండేవనీ, ఒళ్ళు ఆరోగ్యంగా ఉండేదనీ ఆ తరం నమ్మకం. 1662లో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున పన్ను వేస్తే జనం అంతకంతా మండిపడ్డారు. 1689లో దాన్ని ఎత్తేశారు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌ ఊళ్ళో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. అక్కడి ఆచార్యుడు వారెన్‌ జాన్సన్‌ పాఠం చెబుతుండగా, గది వెచ్చగా ఉందో లేదో చూడటానికి నౌకరు తలుపు తోసుకుని వచ్చేవాడు. చూసి, బేస్‌మెంట్‌లోకి దిగి గాలి తలుపులు సర్దేవాడు. పాఠానికి అడ్డం రాకుండా ఉండాలని జాన్సన్‌ గదిలో ఒక విద్యుత్‌ పరికరం పెట్టాడు. చల్లబడితే కింద గంట మోగుతుంది. 1883లో దానికి పేటెంటు వచ్చింది. మరి రెండేళ్ళకు మినియాపొలిస్‌లో స్విట్జర్లండు నుంచి వచ్చిన ఆల్బర్ట్‌ బట్జ్‌ ఆ నౌకరు అవసరం కూడా తీసేశాడు. గది చల్లబడగానే చిన్న మోటారు తిరిగి, బొగ్గు ఫర్నేస్‌ గాలి తలుపును తానే ఎత్తుతుంది. ఆయన పెట్టిన కంపెనీ చేతులు మారి, పేర్లు మారి, 1927లో మార్క్‌ హనీవెల్‌ కంపెనీతో కలిసింది.

1953లో హెన్రీ డ్రైఫస్‌ గీసిన గుండ్రటి హనీవెల్‌ డయల్‌ అమెరికా గోడల మీదికి ఎక్కింది. లోపల చుట్టగా చుట్టిన రెండు లోహాల పట్టీ, దాని కొసన పాదరసం చుక్క ఉన్న గాజుబుడ్డి. చుట్ట బిగిసినా వదులైనా బుడ్డి ఒరుగుతుంది, పాదరసం జారి తీగలను కలుపుతుంది లేదా విడదీస్తుంది. చిన్నపిల్లలు కూడా తిప్పగలిగినంత తేలిక. మాటిమాటికీ కిందికి దిగి గాలి తలుపులు సర్దే చాకిరీ తప్పించిన ఈ వస్తువుకు చేతులెత్తి మొక్కాలి. కానీ దాంతోపాటే ఇంటి మొత్తానికీ ఒకే అంకె వచ్చింది. అంతవరకూ దగ్గరికీ దూరానికీ జరిగి తేల్చుకున్న విషయాన్ని ఇప్పుడు అందరూ కలిసి ఒప్పుకోవాలి. దగ్గరికి జరగడానికి మంట లేదు. ముసలివాళ్ళకు ప్రత్యేకమైన చోటు లేదు. డయల్‌ ఎవరు తిప్పితే వాళ్ళ మాటే చెల్లుతుంది.

ఇరవై ఏళ్ళకే ఆ అంకె దేశాధ్యక్షుడి నోటికెక్కింది. 1973 చమురు సంక్షోభంలో ఇళ్ళలో వేడిని 68 ఫారెన్‌హీట్‌ డిగ్రీలకు, అంటే 20 సెల్సియస్‌కు తగ్గించమని నిక్సన్‌ కోరాడు. 1977 ఫిబ్రవరి 2న సహజవాయువు కొరతతో దేశం వణుకుతున్నప్పుడు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ స్వెట్టర్‌ వేసుకుని టీవీలో కనిపించి, పగలు 65, రాత్రి 55 చాలన్నాడు. సెల్సియస్‌లో 18, 13. కార్టర్‌ అడిగింది సబబే. ఆ మాట ఇళ్ళలోకి వెళ్ళేసరికి మాత్రం చలి అన్నవాళ్ళ నోరు మూయించే వాక్యంగా మారింది: స్వెట్టర్‌ వేసుకో.

ఆ వాక్యం ఎంతవరకు న్యాయం? 1941లో శరీరశాస్త్రజ్ఞులు బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి క్లో అనే ప్రమాణం పెట్టారు. 21 సెల్సియస్‌ గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉండే దుస్తులు ఒక క్లో. ఇంచుమించు మగవాడి సూటంత. ఆ తర్వాత డెన్మార్క్‌ శాస్త్రజ్ఞుడు ఫాంగర్‌ 1970లో వెలువరించిన లెక్కలో హాయి అనేది ఆరు విషయాల మీద ఆధారపడుతుందని తేల్చాడు: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల, కిటికీల వేడి, గాలి కదలిక, తేమ, బట్టలు, ఒంట్లో పుట్టే వేడి. గోడ మీది డబ్బా చూపేది వీటిలో మొదటిదాన్ని మాత్రమే. అదీ తనున్న నడవాలోది. అద్దాల కిటికీ పక్కన సోఫాలో కూర్చున్న అత్తగారి ఒంటి వేడి ఆ చల్లటి అద్దం వైపు నిరంతరం పోతూ ఉంటుంది. వంటింట్లో తిరుగుతున్న కోడలికి చెమట పడుతుంది. డబ్బా 70 ఫారెన్‌హీట్‌ అనే చూపిస్తుంది. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఆ లెక్క వాడకంలో ఒక లోపం చేరింది. ఒంట్లో పుట్టే వేడికి ప్రామాణికంగా సగటు మగవాడిని తీసుకున్నారు. నెదర్లాండ్స్‌ పరిశోధకులు కింగ్మా, వాన్‌ మార్కెన్‌ లిక్టెన్‌బెల్ట్‌ 2015లో నేచర్‌ క్లైమేట్‌ చేంజ్‌ పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. ఆడవాళ్ళ విషయంలో ఆ అంచనా 35 శాతం దాకా ఎక్కువ అవుతోందట. ఆఫీసుల్లో ఆడవాళ్ళు శాలువా కప్పుకుని పనిచేయడం వెనక ఇదీ ఒక కారణం. వాళ్ళ నాజూకుతనం కాదు.

మన పెద్దవాళ్ళ సంగతి దీనికి ఇంకో మెట్టు పైన ఉంది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో 2008 ఎండాకాలం, వానాకాలం నెలల్లో మాధవి ఇంద్రగంటి చేసిన అధ్యయనంలో అక్కడివాళ్ళకు హాయిగా అనిపించిన వేడి దాదాపు 26 నుంచి 32 సెల్సియస్‌. మధ్యస్థం 29. ఫారెన్‌హీట్‌లో 84. ఈ ఒక్క పరిశోధన ప్రతి ప్రవాసాంధ్రుడూ చదవాలని నా కోరిక. రాజమండ్రిలోనో ఖమ్మంలోనో డెబ్బై ఏళ్ళు బతికి, మిషిగన్‌లో పురిటికి సాయం వచ్చిన తల్లిని 66 డిగ్రీల ఇంట్లో కూర్చోబెడితే అది 19 సెల్సియస్‌. ఆమె ఒళ్ళు అలవాటుపడ్డ వేడికి పది డిగ్రీలు తక్కువ. అలవాటుపడటానికి వారాలు పడుతుంది. వయసుతో ఒంట్లో వేడి పుట్టడమూ తగ్గుతుంది, చర్మానికి చలిని గుర్తించే చురుకూ తగ్గుతుంది. బిల్లు చూసి నోరు మెదపని తల్లులూ తండ్రులూ ఎందరో ఉన్నారు. ‘‘నాకేం చలి లేదురా’’ అనే మాటను నమ్మకండి. చేతివేళ్ళు ముట్టుకుని చూడండి.

తగవులో సగం అపార్థమే అని కూడా తేలింది. విలెట్‌ కెంప్టన్‌ అనే మానవశాస్త్రజ్ఞుడు మిషిగన్‌ వాసులతో మాట్లాడి 1986లో ఒక వ్యాసం రాశాడు. చాలామంది థర్మోస్టాట్‌ను కుళాయిలా అనుకుంటారు, ఎక్కువ తిప్పితే వేడి జోరుగా వస్తుందని. మామూలు గ్యాస్‌ ఫర్నేస్‌ ఉన్న ఇంట్లో అలా జరగదు. 70కి పెట్టినా 85కి పెట్టినా ఫర్నేస్‌ ఒకే వేగంతో మండుతుంది, ఎక్కడ ఆగాలన్నదే తేడా. హీట్‌పంప్‌ ఉన్న ఇళ్ళలో ఒక్కసారిగా బాగా పెంచితే అదనపు కరెంటు కాయిల్స్‌ మొదలై బిల్లు ఇంకా పెరుగుతుంది. ఒకరు 80కి తిప్పడం, ఇంకొకరు పరుగున వచ్చి 64కి దించడం వల్ల ఎవరికీ లాభం లేదు.

2011లో వచ్చిన నెస్ట్‌ థర్మోస్టాట్‌తో ఫోను నుంచే వేడి మార్చవచ్చు. ఇంట్లో లేని కొడుకు ఆఫీసు నుంచి 66కు దించగలడు. ఇంట్లో ఉన్న తల్లికి ఆ యాప్‌ వాడటం తెలియదు. ఇది నాకు ఏమాత్రం నచ్చని మార్పు. చలిలో ఉన్న మనిషి చేతికి మీట అందాలి.

ఖర్చు తగ్గించే దారులు వేరే ఉన్నాయి. అందరూ దుప్పట్లలో ఉండే రాత్రిపూట ఎనిమిది గంటలపాటు ఏడు నుంచి పది ఫారెన్‌హీట్‌ డిగ్రీలు దించితే ఏడాది ఖర్చులో పది శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఇంటినంతా వేడి చేసే బదులు పెద్దవాళ్ళు కూర్చునే చోటు కిటికీకి దూరంగా మార్చండి, మందపాటి తెర వేయండి, పడకలో వేడినీళ్ళ సంచి పెట్టండి. గదికి రూమ్‌ హీటర్‌ పెడితే పరుపులకూ తెరలకూ మూడడుగుల దూరం ఉంచండి, ఎక్స్‌టెన్షన్‌ బోర్డుకు తగిలించకండి. మన ఊళ్ళలోనైతే తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు. వాసన లేని కార్బన్‌ మోనాక్సైడ్‌ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చలిదేశాల్లో ఇంటి వేడి కనీసం 18 సెల్సియస్‌ ఉండాలనీ, ముసలివాళ్ళకూ జబ్బుమనుషులకూ అంతకన్నా ఎక్కువ అవసరం కావచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆ 18 మంచంలో ఉన్న నాన్నగారికి సరిపోతుందని అనుకోకండి. అందరికన్నా ఎక్కువ చలి అనేవాళ్ళను పగటి అంకె నిర్ణయించనివ్వండి. ఒక్కరికి మాత్రం ఎప్పుడూ చలిగానే ఉంటుంటే అది స్వభావం అనుకోకుండా డాక్టరుకు చూపించండి. రక్తహీనతకూ థైరాయిడ్‌ లోపానికీ కూడా చలి ఒక లక్షణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.