యల్లాప్రగడ సుబ్బారావు: ప్రచురణలు, ఉల్లేఖనలు

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో పరిశోధన సాగించిన జీవరసాయన శాస్త్రవేత్త. శాస్త్ర సాహిత్యంలో ఆయన పేరు నిలిపింది 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రచురించిన వ్యాసం. రక్తం, మూత్రాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి అది. మాలిబ్డేట్‌తో చర్య జరిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. ప్రయోగశాలకు రోజూ అక్కరకొచ్చేది కావడంతో వేల వ్యాసాలు దాన్ని ఉదహరించాయి. నేటికీ అది ‘ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతే’. ఆ కొలతే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ (1927), ఏటీపీ (1929) అనే పదార్థాల గుర్తింపుకు దారితీసింది. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరాక ఆయన ఘనతను ఉల్లేఖనల లెక్క అంతగా పట్టివ్వదు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ ఆయన నడిపించిన పరిశోధనల ఫలాలే. ల్యుకేమియా (రక్త కేన్సర్) వచ్చిన పిల్లల్లో అమినోప్టెరిన్ పనితీరును 1948లో ప్రకటించిన సిడ్నీ ఫార్బర్ వ్యాసాన్ని కేన్సర్ వైద్యులు ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆ మందును తయారుచేసి ఇచ్చింది సుబ్బారావు బృందం. రచయితల వరుసలో మాత్రం ఆయన పేరు లేదు.