అంగిలి చీలిక: ఆపరేషన్ అయినా ముక్కుతోనే మాట్లాడుతున్నారా..? ఏ సర్జరీ ఎవరికి సరిపోతుందంటే..

పుట్టుకతో వచ్చిన అంగిలి చీలికను ఏడాది వయసులోనే కుట్టేశారు. ఇక ఇబ్బంది లేదనుకుంటే.. మాటలు వచ్చేసరికి పిల్లాడికి గాలంతా ముక్కులోంచే పోతోంది. ‘బాబు’ అన్నా ‘మాము’ అన్నట్టే వినిపిస్తోంది. బడిలో తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారు. అంగిలి సర్జరీ అయిన కొందరు పిల్లల్లో కనిపించే సమస్య ఇది. దీనికి రెండో ఆపరేషన్ ఉంది. అయితే అందరికీ ఒకటే సరిపోదు.

ఎందుకిలా..?

ప, బ, క, స లాంటి అక్షరాలు పలికేటప్పుడు మెత్తటి అంగిలి పైకి లేచి, గొంతు వెనక గోడను తాకి, ముక్కు దారిని మూసేయాలి. అంగిలి పొట్టిగా ఉన్నా, కండరాలు సరిగా కదలకపోయినా అక్కడ సందు మిగిలిపోతుంది.

సర్జరీలు ఇవే..

* ఫర్లో పద్ధతి: అంగిలిని ‘జడ్’ ఆకారంలో కోసి, కండరాలను సరైన చోటికి తిప్పి కుడతారు. అంగిలి కాస్త పొడవు పెరుగుతుంది. సందు చిన్నదైతే బాగా పనిచేస్తుంది.

* బుగ్గ ఫ్లాప్: బుగ్గ లోపలి కండరం, పొర తీసి అంగిలికి అతికి పొడవు పెంచుతారు.

* ఫారింజియల్ ఫ్లాప్: గొంతు వెనక గోడ నుంచి ఒక పట్టీ తీసి అంగిలికి కలుపుతారు. గాలి కోసం రెండు పక్కలా దారి వదులుతారు. గొంతు పక్క గోడలు బాగా కదిలేవారికి ఇది అనుకూలం.

* స్ఫింక్టర్ ఫారింగోప్లాస్టీ: టాన్సిల్స్ వెనకుండే కండరాలను వెనక గోడకు తిప్పి కుట్టి, దారిని ఇరుకు చేస్తారు. పక్క గోడలు సరిగా కదలనివారికి దీన్ని ఎంచుకుంటారు.

మరి ఏది బెస్ట్..?

చివరి రెండు పద్ధతులను 97 మందిలో పోల్చిన ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. మూడు నెలలకు ఫారింజియల్ ఫ్లాప్ ముందంజలో ఉన్నా.. ఏడాది తిరిగేసరికి రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆపరేషన్ పేరు కన్నా, సందు ఎంత ఉంది, ఏ కండరం కదలడం లేదన్నదే కీలకం. అది తేలాలంటే పిల్లాడు మాట్లాడుతుండగా ముక్కులోంచి సన్నని కెమెరాతో చూసే నేసోఎండోస్కోపీ, ఎక్స్‌రే వీడియో లాంటి టెస్టులు అవసరం.

గురకను తేలిగ్గా తీసుకోవద్దు..

దారి ఎంత మూస్తే మాట అంత స్పష్టం. కానీ ఊపిరికి అంత కష్టం. ముఖ్యంగా ఫారింజియల్ ఫ్లాప్ తర్వాత కొందరికి నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ అప్నియా రావచ్చు. ఫర్లో పద్ధతిలో ఈ ముప్పు తక్కువ. పిల్లాడికి ముందే గురక ఉన్నా, టాన్సిల్స్ పెద్దగా ఉన్నా డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

స్పీచ్ థెరపీ వద్దా..?

కావాల్సిందే. సందును థెరపీ పూడ్చలేదు. అలాగే గొంతులోనే అక్షరాన్ని నొక్కి పలికే అలవాటును కత్తి మాన్పించలేదు. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా థెరపీ కొనసాగించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లల్లో అంగిలి చీలికను గుర్తించి వైద్యానికి పంపిస్తారు. ఇందుకోసం జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో అడగొచ్చు.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసమే. మీ పిల్లలకు ఏ సర్జరీ అవసరమన్నది డాక్టర్, స్పీచ్ థెరపిస్ట్ కలిసి పరీక్షించాకే నిర్ణయించాలి.)