మద్యమునకు వెలకట్టువారెవరు?

మద్యముయొక్క చరిత్రము వ్రాయుట త్రాగుడును మెచ్చుకొనుట కాదు. ఉప్పుయొక్కయు నీలిమందుయొక్కయు చరిత్రములు వ్రాసినట్లే దీనినిగూడ వ్రాయవచ్చును. ఒక వస్తువు నెవరు పండించిరి, ఎవరు రుచిచూచి మంచిచెడ్డలు నిర్ణయించిరి, ఎవరు వెలకట్టిరి, ఆ వెల తుద కెవరు చెల్లించిరి అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరము వెదకినచో ఆ దేశపు సంఘస్థితి చాలవఱకు తెలియవచ్చును. హైదరాబాదునకు ఉత్తరమున, రావల్కోల్ గ్రామమున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరువడసినది. ఈ ప్రశ్నలను అచ్చటనుండియే విచారింతము.

మద్యమును పుట్టినచోటునుబట్టి యెన్నుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని పలువురు తలంతురు. అది సరికాదు. అర్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణమందు కౌటిల్యుడు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయములను వేర్వేఱుగ వివరించెను. ద్రాక్షరసమునుండి యైనదే మధువు. దానికి జన్మదేశమునుబట్టి కాపిశాయనమనియు హారహూరకమనియు పేళ్లు కలవు. కాపిశి నేటి కాబూలునకు ఉత్తరమున నుండిన నగరము. చరకసంహిత ధాన్యము, ఫలము, మూలము, పుష్పము మొదలగు తొమ్మిది యోనులనుబట్టి 84 ఆసవములను లెక్కించినది. క్రీ. శ. 1వ శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన ‘పెరిప్లస్’ అను నౌకావర్తకగ్రంథము భరుకచ్ఛ రేవున దిగుమతియగు ద్రాక్షాసవములలో ఇటలీదేశపుదానికి అగ్రస్థానమిచ్చి, లవొడికేయా, అరేబియాల సరకునుగూడ పేర్కొన్నది. దక్కనులోని పైఠాను, తగరములనుండి సరకులు బండ్లమీద చేరిన రేవు అదియే.

కాని కౌటిల్యుని ప్రకరణమునందే మఱియొక బీజము గూడ కలదు. మద్యవిక్రయము రాజాధీనము; దానిపై అధ్యక్షుడొకడు; ఎచట నమ్మవలయునో, ఎంత యమ్మవలయునో అతడే నియమించును. రుచినిబట్టి వెలకట్టుట యొక మార్గము, రాజాదాయమునుబట్టి వెలకట్టుట రెండవ మార్గము. మన దేశమున మొదటిది క్షీణించి రెండవది వర్ధిల్లినది. 17వ శతాబ్దమున గోల్కొండ రాజ్యమును చూచిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, కల్లుపై విధించిన పన్నువలన సుల్తానునకు గొప్ప ఆదాయము వచ్చుచుండెనని వ్రాసెను. ఆ కల్లు ఏ యూరిదో, ఏ గీతకాని చేతిదో తెలిసికొనవలసిన యగత్యము ఖజానాకు లేదు. నిజాముల కాలపు ఆబ్కారీ గుత్తలలోను ఇదే పద్ధతి సాగినది. కల్లునకును ఇప్పసారాకును విలువ కుండలో గాక వేలముపాటలో నిర్ణయమయ్యెను.

ద్రాక్షకథ వేఱు. 14వ శతాబ్దమున దౌలతాబాదు చూచిన ఇబ్న్ బతూతా అచ్చట ద్రాక్షయు దానిమ్మయు ఏటికి రెండుమాఱులు ఫలించునని వ్రాసెను. హైదరాబాదు ప్రాంతమునకు 1890 సంవత్సరప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చినట్లు చెప్పబడు ‘అనాబె షాహీ’, అనగా రాచద్రాక్ష, ఈ నేలలో చక్కగా నాటుకొన్నది. రాతిస్తంభములపై తీగెల పందిరి వేసి, వేసవిలో నొకమాఱు, అక్టోబరు ప్రాంతమున మఱియొకమాఱు కొమ్మలు కత్తిరించి, మాఘఫాల్గునములు మొదలుకొని పండ్లు కోయుట ఇచ్చటి పద్ధతి. అకాలవర్షము పడినచో బూజుతెగులు, పడకున్నచో బావిలో నీరెండుట, ఈ రెంటి నడుమ రైతు జీవనము.

ఈ పండు ఆసవమునకు తగినది కాదు. ద్రాక్షలోని చక్కెరయే పులిసి మద్యసారమగును. మేలైన ఆసవమునకు చక్కెర నూటికి 22 పాళ్లకు తక్కువగాకుండ కోరుదురు. అనాబె షాహీలో సామాన్యముగ 14 మొదలు 16 పాళ్లే యుండును. పండు పెద్దది, రసము పలుచన. పిల్లలకును రోగులకును పెట్టుటకు అది యుచితమైనది. ‘గోల్కొండ’ పేరిట తీయని యెఱ్ఱ ద్రాక్షాసవమొకటి హైదరాబాదున తయారైనను, సీసాపై నెక్కినది కోటపేరే గాని తోటపేరు గాదు.

ఫ్రాన్సున బోర్డో నగరపు తరగరులు 1855లో అచ్చటి ఎఱ్ఱ ద్రాక్షాసవములను ఐదు తరగతులుగ విభజించిరి. వారును వెలనుబట్టియే తరగతులేర్పఱచిరి. కాని ప్రతి తరగతియందును తోటపేరు నిలిచినది. పండించినవానికి కీర్తియో అపకీర్తియో కలిగినది. మనయొద్దనో, 1980లలో ‘వారుణి వాహిని’ పేర ప్రభుత్వమే సారాను ప్లాస్టికు పొట్లములలో పల్లెలకు పంపినది. ఆ పొట్లమునకు కర్త యెవడు?

ఆ ప్రశ్నకు ఉత్తరము లేకున్నను, వెల యెంతయో స్త్రీలకు తెలియును. అది భర్త దినకూలి, బిడ్డల గంజి, రాత్రి దెబ్బలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలైన స్త్రీలు సారాకొట్టు మూయించి వేలముపాటలకు అడ్డునిలిచిరి. వారు త్రాగుడు పాపమని మాత్రమే వాదింపలేదు. ఇంటిలెక్క ముందుంచి రాజ్యపులెక్కను ప్రశ్నించిరి. 1993లో సారా నిషేధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆదాయము చాలదను కారణమున అది సడలింపబడినది. సురాధ్యక్షుని త్రాసే మరల నెగ్గినది.

ఆ త్రాసు నేటికిని పనిచేయుచున్నది. 2023లో తెలంగాణమున 2,620 మద్యపుటంగళ్లకు చీట్లు తీయగా, తిరిగిరాని 2 లక్షల రూపాయల దరఖాస్తురుసుమువలననే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరినది. ఒక్క చుక్క అమ్ముడుపోకముందే ఇంత విలువ! ఇదే కాలమున భూగర్భజలము క్రుంగి, నగరము పెరిగి, మేడ్చల్ శామీర్‌పేటల ద్రాక్షపందిళ్లు పెక్కులు ఇండ్లస్థలములైనవి. నీరులేని తోటకంటె గజములలెక్కన అమ్మిన నేల రైతునకు లాభించినది. అతనిని నిందింప వీలులేదు. పండునకు తగిన వెలకట్టువారు లేనందున నేలకే వెల కట్టబడినది.

మద్యపు మేలురకములను గూర్చి ముచ్చటించు రసికులను మనమిచ్చట గర్హింపనక్కఱలేదు. ఏ తోటది, ఎవరు చేసినది, ఈ వెలకు తగునా యని వారడుగు ప్రశ్నలు మంచివే. ఆ ప్రశ్నలు మేడలోని సీసాయొద్ద ఆగిపోవుటయే లోపము. పేదవాని గ్లాసు నొద్దను, ప్రభుత్వపు ఆయవ్యయపట్టిక యొద్దను వానినే అడుగవలయును. మద్యమువలన వచ్చిన రాబడి ప్రక్కనే దానివలన పోయిన కూలి, చికిత్స, చదువు అను వరుసలను గూడ చేర్పుడని శాసనసభ్యులను గోరుట చదువుకొన్న ప్రతి కుటుంబమునకును విధి. అట్టి పట్టిక యొకటి ప్రకటింపబడినచో, రోశమ్మ మొదలగువారు అక్షరములు దిద్దుకొనుచు ఆరంభించిన లెక్కను మనము ముందునకు సాగించినవారమగుదుము.